‘వృత్తి’ అనే గడి

మా పాథాలజీ విభాగానికి వచ్చే ప్రతి బయాప్సీ ముక్కతో పాటు ఒక కాగితం వస్తుంది. రోగి పేరు, వయసు, వార్డు, ముక్క తీసిన చోటు, వైద్యుడు అనుమానిస్తున్న జబ్బు అందులో ఉంటాయి. వాటి మధ్య ‘వృత్తి’ అని ఒక చిన్న గడి ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఈ కాగితాలు చూస్తున్నాను కనుక ఒక మాట చెప్పగలను: ఆ గడి చాలాసార్లు ఖాళీగానే వస్తుంది, ఎవరైనా నింపితే అందులో రైతు, కూలి, గృహిణి అనే మూడు మాటల్లో ఒకటి కనిపిస్తుంది. 2017 ఆగస్టులో మా మేనమామ గారి ఊపిరితిత్తి పొర నుంచి తీసిన ముక్కతో వచ్చిన కాగితంలోనూ ‘కూలి’ అనే రాసి ఉంది. ఆ ముక్కను నేను చూడటం సబబు కాదనిపించి పక్క బల్ల మీది సహోద్యోగికి ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత ఆమె నన్ను పిలిచి, స్లైడు చూపించకుండానే, “మీ మామయ్య గారు ఎప్పుడైనా ఆస్బెస్టాస్‌తో పని చేశారా?” అని అడిగారు. అప్పటికి ఏడు నెలలుగా ఆయన్ను చూసిన వైద్యుల్లో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నేనూ అడగలేదు.

మామయ్య కూలి పనే చేశారు, కాదనను. అయితే ఏం కూలి అన్నది ముఖ్యం. 1974 నుంచి 1996 వరకు, ఇరవై రెండేళ్లు, ఆయన ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో మేస్త్రీ కింద లాగింగ్ పని చేశారు. బాయిలరు నుంచి టర్బైనుకు ఆవిరి తీసుకుపోయే గొట్టాల్లో వేడి వృథా కాకుండా వాటికి పై తొడుగు వేయడాన్ని అక్కడి వాళ్లు లాగింగ్ అంటారు. గోనెసంచుల్లో వచ్చిన తెల్లటి నారపొడిని ఇనుప తట్టలోకి కుమ్మరించి, నీళ్లు కలిపి, ముద్దగా పిసికి, చేత్తోనే గొట్టాలకు మెత్తేవారు. వంపులున్న చోట ఆస్బెస్టాస్ తాడు చుట్టేవారు. మెత్తేటప్పుడు దుమ్ము అంతగా ఉండేది కాదట. షట్‌డౌను రోజుల్లో ఎండి గట్టిపడిన పాత తొడుగును సుత్తులతో కొట్టి రాల్చేటప్పుడు మాత్రం పక్కనున్న మనిషి కనిపించేవాడు కాదట. “దూది ఏకేవాడి కొట్టులో కూర్చున్నట్టు ఉండేదమ్మా, తలగుడ్డ విప్పి మూతికి కట్టుకునేవాళ్లం” అని మామయ్య చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. ఆ మాట ఆయన చెప్పింది కూడా జబ్బు పేరు తెలిసిన తర్వాత, నేను అడిగితేనే.

అంతకు ముందు కథ మన దేశంలో చాలామందికి జరిగేదే. ఆయాసం వచ్చింది, కుడి వైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, లీటరున్నర తీశారు. నీటిలో టీబీ క్రిమి కనిపించలేదు. అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. ఇందులో ఆ వైద్యుణ్ణి తప్పుపట్టలేను, ఎందుకంటే టీబీ వల్ల చేరే నీటిలో క్రిమి దొరకడం అరుదు, మన దగ్గర ఊపిరితిత్తి పొరలో నీరు చేరిందంటే అన్నిటికంటే ముందు అనుమానించవలసింది టీబీనే. తప్పు ఎక్కడ ఉందంటే, మందులు వాడుతున్నా నీరు మళ్లీ మళ్లీ చేరుతున్నప్పుడు, నొప్పి రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకుండా పెరుగుతున్నప్పుడు, ఆరు నెలల కోర్సు పూర్తయ్యేదాకా వేచి చూడటంలో ఉంది. ఇంట్లో వాళ్లమైతే నేరమంతా ఆయన కాల్చిన బీడీల మీదికి నెట్టాం. కానీ ఆయనకు వచ్చిందని తేలిన జబ్బు మీసోథీలియోమా, అంటే ఊపిరితిత్తి పొర క్యాన్సరు. దానికి పొగాకుతో సంబంధం లేదు. రాతినార, అంటే ఆస్బెస్టాస్, దుమ్ము పీల్చినవారు పొగ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని న్యూయార్క్ వైద్యుడు ఇర్వింగ్ సెలికాఫ్ బృందం 1968లోనే చూపింది, అది వేరే సంగతి. ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరలో పుట్టే ఈ క్యాన్సరు విషయంలో మాత్రం బీడీ నిర్దోషి.

టీబీ మందులకు తగ్గని నీరు అనగానే నాకు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గుర్తుకు వస్తుంది. ఈ జబ్బుకు కారణం బయటపడింది అక్కడే. 1950లలో ఆ ఊరి టీబీ ఆసుపత్రిలో పనిచేస్తున్న స్లెగ్స్ అనే వైద్యుడు ఒక వింత గమనించాడు. ఛాతీలో నీరు చేరి వచ్చేవారిలో కింబర్లీకి తూర్పు వైపు ఊళ్ల వాళ్లు టీబీ మందులతో కోలుకుంటున్నారు, పడమటి ఊళ్ల వాళ్లు కోలుకోవడం లేదు. పడమట ఉన్నవి ఆస్బెస్టాస్ కొండలు. నీలి రాతినార, అంటే క్రోసిడొలైట్, తవ్వే గనులు అక్కడ ఉన్నాయి. జొహానెస్‌బర్గ్‌లో క్రిస్ వాగ్నర్ అనే పాథాలజిస్టు 1956 నుంచి అటువంటి కంతులను గుర్తిస్తూ వచ్చాడు. వాగ్నర్, స్లెగ్స్, ఛాతీ శస్త్రవైద్యుడు మార్చండ్ కలిసి 1960లో 33 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వయసు 31 నుంచి 68. మగవారు 22 మంది, ఆడవారు 11 మంది. ఒక్కరు తప్ప మిగతా అందరి జీవితంలోనూ నీలి రాతినార ఎక్కడో ఒక చోట తగిలింది.

ఆ వ్యాసాన్ని నేను విద్యార్థులకు తరచుగా చదివి వినిపిస్తాను. అందులో గొప్పదనం సూక్ష్మదర్శినిలో చూసినదాని కంటే మనుషులను అడిగి తెలుసుకున్నదానిలోనే ఎక్కువ ఉంది. ఆ 33 మందిలో గని కార్మికులే ఉండి ఉంటే అది మరో వృత్తి వ్యాధి అని అందరూ సరిపెట్టుకునేవారు. కానీ అందులో ఇల్లాళ్లున్నారు, పశువుల కాపర్లున్నారు, సేద్యం చేసుకునేవారున్నారు. గనిలో ఒక్క రోజు కూడా పని చేయకపోయినా, చిన్నతనంలో ఆ ఊళ్లలో పెరిగి, తర్వాత ఎక్కడికో వెళ్లి స్థిరపడినవారున్నారు. వాళ్లను ఇప్పుడేం చేస్తున్నారని అడిగి ఊరుకుని ఉంటే ఏమీ తెలిసేది కాదు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ ఆడుకున్నారు, ఇంటి పక్కన ఏముండేది అని అడిగితేనే ఆ కొండలు బయటపడ్డాయి.

దుమ్ము పీల్చాక జబ్బు బయటపడటానికి ఇంతకాలం ఎందుకు పడుతుందో, ఊపిరితిత్తిని వదిలి దాని చుట్టూ ఉన్న పొరనే ఎందుకు పట్టుకుంటుందో కూడా చెప్పాలి. గ్రీకు భాషలో ఆస్బెస్టాస్ అంటే ఆరనిది అని అర్థం. ఆ పేరు ఈ పదార్థం గురించి చెప్పేది తక్కువ. మన వాళ్లు పెట్టిన రాతినార అన్న పేరు సరిగ్గా అతికింది, ఎందుకంటే ఇది నిజంగానే నారలా నిలువునా చీలే రాయి. చీలినకొద్దీ సన్నబడుతుంది, పొడవు మాత్రం తగ్గదు. మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మందం కూడా లేని పోగు ఊపిరితో పాటు చివరి గాలిగదుల దాకా పోగలదు. అక్కడ కాపలా ఉండే తెల్లకణం దుమ్మును మింగి శుభ్రం చేస్తుంది. పోగు ఆ కణం కంటే పొడవైనదైతే మింగడం సగంలోనే ఆగిపోతుంది. కణం గింజుకుంటూ చుట్టుపక్కల కణాలకు హాని చేసే రసాయనాలను విడుదల చేస్తూ పోతుంది. కొన్ని పోగులు పొరల మధ్యకు చేరుతాయి. అక్కడ ఎప్పుడూ ఊరుతూ ఉండే కొద్దిపాటి నీరు ఛాతీ గోడ వైపు పొరలో ఉండే సూక్ష్మ రంధ్రాల గుండా బయటికి పోతుంది. పొట్టి పోగులు నీటితో పాటు కొట్టుకుపోతాయి, పొడవైనవి తూములో చిక్కిన పుల్లల్లా రంధ్రాల దగ్గరే నిలిచిపోతాయి. అక్కడ ఏళ్ల తరబడి సాగే ఆ వాపులో, పొర కణాల్లోని జన్యువులు ఒకటొకటిగా దెబ్బతింటాయి. బీఏపీ-1, ఎన్‌ఎఫ్-2 వంటి కాపలా జన్యువులు పోయినవి ఈ కంతుల్లో తరచుగా చూస్తాం. మొదటి దుమ్ము పీల్చిన నాటి నుంచి కంతి బయటపడేదాకా సాధారణంగా 30, 40 ఏళ్లు పడుతుంది. 20 ఏళ్లకే రావచ్చు, 50 దాటాక కూడా రావచ్చు. మామయ్య విషయంలో 43 ఏళ్లు పట్టింది. అంతకాలంలో ఆయన ఆ పని మానేసి, సొంతూరు చేరి, కిరాణా కొట్టు పెట్టి, మనవలను ఎత్తుకున్నారు. ఛాతీ ఎక్స్‌రే తీసిన నాటికి ఊళ్లో అందరికీ ఆయన కొట్టు యజమానే.

పోగు ఆకారమే కొంప ముంచుతుందనడానికి టర్కీలోని కపడోకియా ప్రాంతం ఒక సాక్ష్యం. అక్కడ కారైన్ అనే పల్లెలో రాతినార లేదు, దాని పరిశ్రమా లేదు. ఇళ్లు కట్టుకున్న రాతిలో ఎరియొనైట్ అనే వేరే ఖనిజం ఉంది, అదీ పోగులుగానే చీలుతుంది. ఆ పల్లెలో చావుల్లో పెద్ద భాగం ఈ క్యాన్సరు వల్లే సంభవించాయని 1970ల నుంచి జరిగిన పరిశీలనల్లో తేలింది.

నిర్ధారణ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఇది నా బల్ల మీది పని కనుక. తీసిన నీటిలో కణాలు చూసి తేల్చడం కష్టం. పొర నుంచి చాలినంత పెద్ద ముక్క కావాలి. రంగు వేసిన స్లైడులో ఇది ఊపిరితిత్తిలో పుట్టి పొరకు పాకిన మామూలు క్యాన్సరులా కనిపించి బోల్తా కొట్టిస్తుంది. అందుకే ప్రతిరక్షక రంజనం, అంటే కణంలోని ఒక్కో ప్రోటీనును వెతికి పట్టే రంగు, వేసి చూస్తాం: క్యాల్‌రెటినిన్, డబ్ల్యూటీ-1 ప్రోటీన్లకు రంగు పట్టి, టీటీఎఫ్-1, సీఈఏలకు పట్టకపోతే మీసోథీలియోమా వైపు మొగ్గుతాం. మామయ్య స్లైడులో కణాల కేంద్రకాలన్నీ క్యాల్‌రెటినిన్‌తో ముదురు గోధుమరంగుకు తిరిగాయి; ఆ రంగు నాకు ఎంతో ఇష్టంగా ఉండేది, ఎందుకంటే దాని తర్వాత సందేహం ఉండదు. చికిత్సలో చెప్పుకోదగ్గవి రెండే ఘట్టాలు. 2003లో ప్రచురించిన ప్రయోగంలో సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సరు మందుకు పెమెట్రెక్సెడ్ అనే మరో మందు జోడిస్తే రోగుల సగటు ఆయుష్షు తొమ్మిది నెలల నుంచి పన్నెండుకు పెరిగింది. 2020 తర్వాత ఇమ్యునోథెరపీ, అంటే శరీర రక్షణ శక్తినే క్యాన్సరు మీదికి తిప్పే చికిత్స, వచ్చి, నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే మందుల జంటతో అది 18 నెలల దాకా చేరింది. మామయ్యకు మొదటిది అందింది. పదకొండు నెలలు బతికారు.

ఆ పదకొండు నెలల్లో నష్టపరిహారం కోసం నేను తిరిగాను. అప్పట్లో అమల్లో ఉన్న ఉద్యోగుల నష్టపరిహార చట్టంలోని మూడవ షెడ్యూలులో రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సరు, మీసోథీలియోమా పేర్లతో సహా ఉండేవి. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, అహ్మదాబాదులోని వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన వ్యాజ్యంలో, కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు గానీ, పని మానేసిన తర్వాత 15 ఏళ్లు గానీ, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. ఆ నలభై అన్న అంకె చదివినప్పుడు న్యాయమూర్తులు జబ్బు నడకను సరిగ్గా అర్థం చేసుకున్నారనిపించింది. కానీ మామయ్య పని చేసింది రాతినార కర్మాగారంలో కాదు, విద్యుత్ కేంద్రంలో. అక్కడ కూడా కేంద్రం జీతగాడిగా కాదు, కాంట్రాక్టరు కింద ఉన్న మేస్త్రీకి కూలిగా. మేస్త్రీ ఎప్పుడో పోయారు. కాంట్రాక్టరు సంస్థ పేరు మారింది. హాజరు పుస్తకం, గేటు పాసు, కూలి చీటీ, ఒక్కటీ లేదు. ఆయన చేతిలో మిగిలిన ఏకైక ఆధారం 1981లో తోటి కూలీలతో బాయిలరు ముందు దిగిన ఫొటో. అందులో అందరి తలలూ నెరిసినట్టు తెల్లగా ఉంటాయి, అప్పటికి వాళ్లలో ఎవరికీ ముప్పై ఏళ్లు నిండలేదు. ఫొటోను రుజువుగా తీసుకోవడం కుదరదని సంబంధిత కార్యాలయంలో మర్యాదగానే చెప్పారు.

ఇదంతా గతం అనుకుంటే పొరపాటు. రాతినార మనకు పరాయి ఊరి సరుకు కూడా కాదు. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల, బ్రాహ్మణపల్లె వైపు, వేంపల్లె డోలమైటు రాతిలోకి కరిగిన శిల చొచ్చుకు వచ్చిన చోట తెల్ల రాతినార, అంటే క్రైసోటైల్, పొరలు పొరలుగా ఏర్పడింది. అక్కడ చాలా ఏళ్లు గనులు నడిచాయి. కేంద్ర ప్రభుత్వం 1986లో కొత్త లీజులు ఇవ్వడం నిలిపివేసి, 1993లో ఉన్న లీజుల పునరుద్ధరణనూ ఆపింది. తవ్వకం ఆగింది, వాడకం ఆగలేదు. గత దశాబ్దంలో చాలా ఏళ్లు మన దేశం ఏటా మూడు లక్షల టన్నులకు పైగా తెల్ల రాతినారను దిగుమతి చేసుకుంది, ఎక్కువ భాగం రష్యా నుంచి. అది దాదాపు అంతా సిమెంటు రేకుల్లోకే పోతుంది.

రేకుల గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు, కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. కప్పు మీద పగలకుండా ఉన్న రేకు కింద నిద్రపోయినంత మాత్రాన మీసోథీలియోమా వస్తుందని నేను ఎవరినీ భయపెట్టను. అందులో రాతినార పదో వంతు లోపే ఉంటుంది, అదీ సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. నా భయమంతా ఆ రేకును కటింగ్ మెషీనుతో పొడిగా కోసే కుర్రవాడి గురించి, ఎండలో వానలో పెళుసెక్కిన రేకులను పైనుంచి కిందికి విసిరే ఇల్లు కూల్చే కూలీల గురించి. కోయక తప్పకపోతే నీళ్లతో తడిపి చేతి రంపంతో కోయాలి, విరగ్గొట్టకుండా మేకులు ఊడదీసి దించాలి, రాలిన పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తీయాలి. మూతికి కట్టిన తలగుడ్డ ఈ పోగులను ఆపలేదు.

తెల్ల రాతినార ప్రమాదం లేనిదన్న వాదన ఒకటి ఉంది. దానికి ఆధారంగా చూపే లెక్క తప్పుడు లెక్క కాదు: హాడ్జ్‌సన్, డార్న్‌టన్ 2000లో వేసిన అంచనా ప్రకారం మీసోథీలియోమా కలిగించే శక్తి నీలి, గోధుమ, తెల్ల రకాల్లో 500, 100, 1 నిష్పత్తిలో ఉంటుంది. అయితే ఆ చివరి అంకె సున్నా కాదు. లక్షల టన్నులకు దాన్ని గుణిస్తే వచ్చేది కూడా సున్నా కాదు. అన్ని రకాల రాతినారా మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది. బ్రిటన్ నీలి, గోధుమ రకాలను 1985లో నిషేధించి, తెల్ల రకాన్ని 1999లో నిషేధించింది. గనులతో బతికిన దక్షిణాఫ్రికా 2008లో, కెనడా 2018లో ఆ పని చేశాయి. రాతినారకు బదులు వేరే నార వేసి చేసిన రేకులు ఉన్నప్పుడు ఈ వాదనను మన దగ్గర ఇంకా ఎందుకు వింటున్నామంటే ధర తేడా వల్లేనని నా నమ్మకం.

ఈ టపా రాయడానికి కారణం మామయ్య కాదు, అత్తయ్య. 1965లో లండన్‌లో మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మీసోథీలియోమాతో చనిపోయినవారి పూర్వచరిత్రలు సేకరించారు. చరిత్ర దొరికిన 76 మందిలో 31 మంది రాతినార పని చేసినవారు. మరో తొమ్మిది మంది ఆ పని ఎన్నడూ చేయలేదు, వాళ్ల ఇంటివాళ్లు చేశారు. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు ఆడవాళ్లు. ఎక్కువమంది కథ ఒకటే, భర్త పని బట్టలు ఉతకడం. మిగిలిన ఇద్దరు మగవాళ్లు, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలుగా ఉన్నప్పుడు వాళ్ల అక్కలు ఆ కర్మాగారానికి పనికి వెళ్లేవారు.

ఆ పేజీ చదివిన ప్రతిసారీ నాకు మా అమ్మమ్మ గారింటి పెరడు కళ్ల ముందు నిలుస్తుంది. సాయంత్రం మామయ్య రాగానే ఖాకీ చొక్కా విప్పి దండెం మీద వేసేవారు. తెల్లవారి అత్తయ్య దాన్ని బావి దగ్గరికి తీసుకెళ్లి, తడపకముందు రెండు భుజాలూ పట్టుకుని చాకిరేవు రాయికేసి ఫటఫట నాలుగుసార్లు కొట్టి దులిపేవారు. అలా దులపకపోతే నీళ్లలో ఆ పొడి ముద్దకట్టి వదలదనేవారు. ఏటవాలు ఎండలో ఆ దుమ్ము మెరుస్తూ లేచేది, సెలవులకు వెళ్లిన నేను పక్కనే నిలబడి చూసేదాన్ని.

అత్తయ్యకు ఇప్పుడు 68 ఏళ్లు. పోయిన నెలలో పొడి దగ్గు తగ్గడం లేదంటే ఎక్స్‌రేకు తీసుకెళ్లాను. ఎక్స్‌రేలో నీరేమీ లేదు. ఛాతీ గోడ వైపు పొర మీద రెండు పక్కలా సున్నం పేరిన మచ్చలు మాత్రం ఉన్నాయి. అవి క్యాన్సరు కావు, క్యాన్సరుగా మారవు కూడా. ఆ ఊపిరితిత్తుల్లోకి ఒకప్పుడు రాతినార వెళ్లిందని చెప్పే గుర్తులు. స్కానింగుకు రాసిన చీటీ చేతికి ఇచ్చేముందు గుమాస్తా ఆమెను అడగకుండానే వృత్తి అన్న చోట ‘గృహిణి’ అని రాశాడు. నేను కలం అడిగి తీసుకుని, గడిలో చోటు చాలక, చీటీ అంచున నిలువుగా రాశాను: ‘భర్త లాగింగ్ పని, 1974 నుంచి 1996 వరకు. పని బట్టలు ఇంట్లో ఈమే ఉతికేవారు.’